పొలుసు చూసి జాతి తేల్చండి: చేపల సరుకు కొనేవారికి కొన్ని గుర్తులు

అచ్యుతాపురం: చేపల వ్యాపారంలో నష్టం రెండు దారుల వస్తుంది. సరుకు చెడిపోవడం ఒకటి. ఒక జాతి పేరు చెప్పి మరో జాతిని అంటగట్టడం రెండవది. మొదటిదానికి ఐసు వుంది, శీతల గిడ్డంగి వుంది. రెండవదానికి కొనేవాడి కన్నే దిక్కు.

వేలంపాట తెల్లవారుజామున జరుగుతుంది. వెలుతురు చాలదు. పడవ దిగిన చేప రంగు గంటల్లో మారుతుంది. నీటిలో నీలంగా మెరిసిన వీపు ఐసులో బూడిద రంగుకు తిరుగుతుంది. చారలు చెదిరిపోతాయి, మచ్చలు మాసిపోతాయి. తల కోసి, పొట్ట తీసి పెట్టెలకెక్కిన సరుకులో మిగిలిన గుర్తులూ సగం పోతాయి. చర్మం వున్నంతకాలం చేపను వదలని సాక్షి ఒకటుంది. అది పొలుసు. పొలుసు ఊడినా అది కూర్చున్న గూడు చర్మం మీద మిగిలే వుంటుంది.

దగ్గర బంధువులైన జాతులను పొలుసు ఆధారంగా విడదీయడం శాస్త్రజ్ఞులకు పాత విద్యే. స్విట్జర్లాండ్‌కు చెందిన లూయీ అగస్సీ 1830-40 ప్రాంతాలలోనే చేపలన్నిటినీ పొలుసుల తీరును బట్టి నాలుగు తరగతులుగా విభజించాడు. ఆ విభజన తరువాత నిలవలేదు కాని, ఆయన పెట్టిన పేర్లు నేటికీ వాడుకలో వున్నాయి. అందులో వర్తకులకు పనికివచ్చే భాగాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

విశాఖ తీరం ఇచ్చిన పేర్లు

ఈ విద్యకు మన తీరంతో పాత సంబంధం వుంది. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చేపలకు ఆయన లాటిన్ పేర్లు పెట్టలేదు. ఇక్కడి జాలరులు పిలిచే పేర్లనే తన చెవికి వినిపించినట్లు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. ఆ తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే వాటిలో కొన్నింటిని యథాతథంగా శాస్త్రీయ నామాలుగా తీసుకున్నాడు. ప్రపంచమంతటా కానాగంతను నేడు రాస్ట్రెల్లిగర్ కనగుర్త అంటున్నారంటే ఆ మాట విశాఖ రేవుదే.

రస్సెల్ పుస్తకంలో పక్కపక్కనే చెప్పుకోదగిన మరి రెండు పేర్లున్నాయి: పలసా, కీలీ. ఒకటి మన పులస. రెండవది దానిని పోలిన చిన్న బంధువు. రెండు వందల ఏళ్ల నాటి జాలరి వీటిని వేర్వేరు పేర్లతో పిలిచాడు. నేటి అంగడిలో ఇవి ఒకే గంపలోకి వస్తున్నప్పుడు కొనేవారు వాటిని మళ్లీ విడదీయవలసి వుంటుంది.

పొలుసు చదివే పద్ధతి

పొలుసులో చూడవలసినవి ఐదు. అంచు, లెక్క, వరుసల వాలు, శరీరంపై వ్యాప్తి, పొలుసు మీది రంధ్రాలు.

అంచు వేలితోనే తెలుస్తుంది. తోక నుంచి తల వైపు వేలితో నిమిరినప్పుడు గరుకుగా తగిలితే ఆ పొలుసు అంచున సన్నని ముళ్లున్నట్లు లెక్క. దీనిని టీనాయిడ్ రకమంటారు. పండుగప్ప, స్నాపర్ ఈ కోవవి. అంచు నునుపుగా వుంటే సైక్లాయిడ్ రకం. పులస, కవ్వలు, చెరువు చేపలైన బొచ్చె, శీలావతి ఈ కోవవి.

లెక్క అంటే చేప పక్కన నిడివిగా సాగే ఒక వరుసలోని పొలుసుల సంఖ్య. చాలా చేపలకు మొప్ప నుంచి తోక వరకు రంధ్రాలున్న పొలుసులతో ఒక గీత కనిపిస్తుంది. దీనిని పార్శ్వరేఖ అంటారు. లెక్క దాని వెంట సాగాలి. పులస, కవ్వల కుటుంబానికి ఈ గీత వుండదు గనుక మొప్ప పై అంచు నుంచి తోక మొదలు దాకా మధ్య వరుసను లెక్కించాలి.

పొలుసు తీసేటప్పుడు వీపు రెక్కకు దిగువన, శరీరం మధ్యభాగం నుంచి తీయాలి. రెక్కల మొదళ్లలో, పొట్ట అంచున పొలుసుల ఆకారం మారిపోతుంది. గాయమైన చోట తిరిగి మొలిచిన పొలుసుకు నడుమ గీతలుండవు. అటువంటిదాన్ని పారవేసి మరొకటి తీయాలి. నీటిలో కడిగి, రెండు గాజు పలకల మధ్య పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, నగల పనివారు వాడే పదిరెట్ల భూతద్దంతో చూస్తే చాలు. పొలుసుపై కనిపించే వలయాలు చేప పెరుగుదలకు సంబంధించినవి. వాటిని చూసి జాతిని నిర్ణయించరాదు.

పులసా, కీలీయా?

వానాకాలంలో గోదావరి ఎర్రనీరు సముద్రంలో కలిసే రోజులలో ఎదురెక్కి వచ్చే పులసకు ఎంత గిరాకీ వుంటుందో చెప్పనక్కరలేదు. ఒక్క చేప వేలల్లో పలకడం ఏటా చూసేదే. సరుకు కొద్ది, కొనేవారు ఎక్కువ. అందువల్ల బంధువులకూ ఆ పేరు అంటించడం మామూలైంది.

పులస శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా. కువియే 1829లో రస్సెల్ మాటను పట్టి దీనికి పలసా అనే పేరు పెట్టినా, హామిల్టన్ 1822లోనే ఇలిషా అని నామకరణం చేసి వుండడం వల్ల ముందున్న పేరే చెల్లింది. కీలీ పేరు మాత్రం నిలిచింది. అది హిల్సా కెలీ. పులస కన్న చిన్న చేప. పూర్తిగా పెరిగినా పెద్ద పులస తూకం రాదు. అయితే పిల్ల పులసను, ఎదిగిన కీలీని పక్కపక్కన పెడితే పైచూపుకు తేడా చిక్కదు.

మొప్ప వెనుక నల్లమచ్చ, పక్కన చిన్న మచ్చల వరుస కీలీకి వుంటాయి. వాటిని చూసి కొందరు కీలీ అని తేల్చేస్తారు. లేత పులసకు సైతం అటువంటి మచ్చలే వుంటాయి గనుక ఇది నమ్మదగిన గుర్తు కాదు. పొలుసు అంతకన్న గట్టి సాక్ష్యం. కీలీ పొలుసుకు వెనుక భాగాన, అనగా బయటికి కనిపించే వైపున, సన్నని రంధ్రాలుంటాయి. భూతద్దం కింద వెలుతురుకు పడితే సూదితో పొడిచినట్లు తెలుస్తాయి. పులస పొలుసుకు ఈ రంధ్రాలుండవు. లెక్కలోనూ తేడా వుంది. కీలీకి పక్క వరుసలో 39 నుంచి 44 వరకు పొలుసులుంటాయి. పులసకు సాధారణంగా 45, అంతకు పైన వుంటాయి. మరో గుర్తు తల మీద కనబడుతుంది. కీలీ నడినెత్తిన సన్నని గాళ్లు స్పష్టంగా లేచి వుంటాయి.

మూడవ బంధువు టెన్యులోసా తోలి. దీనిని పొట్ట అంచును బట్టి చూడాలి. ఈ కుటుంబానికి పొట్ట కింద రంపం పళ్లలా గట్టి పొలుసులు వరుసగా వుంటాయి. పులసకు ఇవి 30 నుంచి 33. తోలికి 28 నుంచి 30. లెక్క సరిగా 30 వద్ద ఆగితే ఈ గుర్తు ఒక్కటే చాలదు. మొప్పల లోపలి దువ్వెన పళ్లను కూడా చూడాలి. పులసకు అవి ఎంతో దట్టంగా వుంటాయి.

ఇక్కడ వర్తకులు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. పొలుసు చెప్పేది జాతిని మాత్రమే. సముద్రంలో పట్టిన విలస, గోదావరి ఎదురీదిన పులస, హుగ్లీ నుంచి ఐసులో వచ్చిన ఇలిష మూడూ ఒకే జాతి. మూడింటి పొలుసూ ఒకటే. కాబట్టి పొలుసు పరీక్షలో నెగ్గినంత మాత్రాన గోదావరి ధర చెల్లించరాదు. ఏ రేవున దిగింది, ఎప్పుడు దిగింది, ఎవరి వల చేప అన్నది వేరుగా విచారించుకోవలసిందే. పొలుసు చేసే మేలు ఒక్కటి: కీలీని పులస ధరకు కొనకుండా ఆపుతుంది.

పూడిమడక ట్యూనా, కవచం గుర్తు

అచ్యుతాపురం మండలంలోని పూడిమడక జాలరులు గాలపు తాడుతో ట్యూనా పట్టడంలో పేరు పొందారు. ట్యూనా అన్న ఒక్క మాట కింద అనేక జాతులున్నాయి. ఎల్లోఫిన్ ట్యూనాకు వున్న ధర స్కిప్‌జాక్‌కు లేదు, స్కిప్‌జాక్‌కు వున్నది చిన్న సూరలకు లేదు. కస్టమ్స్ పద్దులు సైతం వేరు. గడ్డకట్టించిన ఎల్లోఫిన్ 0303.42 కింద, స్కిప్‌జాక్ 0303.43 కింద నమోదవుతాయి. పేరు తప్పితే పత్రాలన్నీ తప్పినట్లే.

ట్యూనా తాజాగా వున్నప్పుడు రంగు, చారలు సాయపడతాయి. స్కిప్‌జాక్‌కు పొట్ట మీద నిడివి చారలు, కవకవా అనే చిన్న సూరకు వీపు మీద ఏటవాలు గీతలు వుంటాయి. తల తీసి, గడ్డకట్టించి, మంచు పొర పట్టిన సరుకులో ఇవి కనిపించక పోవచ్చు. అప్పుడు పొలుసు వ్యాప్తిని చూడాలి.

ఎల్లోఫిన్, బిగ్‌ఐ, లాంగ్‌టెయిల్ మొదలైన అసలు ట్యూనాలకు (థన్నస్ ప్రజాతికి) శరీరమంతటా చాలా సన్నని పొలుసులుంటాయి. స్కిప్‌జాక్, కవకవా, ఆక్సిస్ సూరలకు అలా వుండవు. వాటికి తల వెనుక భాగాన మందపాటి పొలుసులతో ఒక కవచం, పార్శ్వరేఖ వెంట ఒక వరుస తప్ప తక్కిన శరీరం నున్నగా వుంటుంది. ఈ కవచాన్నే కార్స్‌లెట్ అంటారు. పరీక్ష సులువు. చేప పక్కభాగంలో, కవచానికి బాగా వెనుక, పార్శ్వరేఖకు దిగువన చాకు మొనతో తోక నుంచి తల వైపు మెల్లగా గీకాలి. సన్నని పొలుసులు లేస్తే థన్నస్. ఏమీ రాక చర్మం నున్నగా వుంటే ఎల్లోఫిన్ పేరుతో ఆ పెట్టెను తీసుకోరాదు.

ఆక్సిస్ ప్రజాతిలో రెండు జాతులున్నాయి. ఫ్రిగేట్ ట్యూనా, బుల్లెట్ ట్యూనా. రెండూ చిన్నవి, రెండూ కలిసి దిగుతాయి, చూపుకు కవల పిల్లలు. వీటిని వేరుచేసే ప్రధానమైన గుర్తు కవచం వెడల్పే. తల వెనుక వెడల్పుగా మొదలయ్యే కవచం తోక వైపు పోతూ సన్నబడుతుంది. రెండవ వీపు రెక్క మొదలయ్యే చోటికి సరిగా దిగువన దాని వెడల్పును పొలుసులలో లెక్కించాలి. ఐదు పొలుసులకు మించకపోతే ఫ్రిగేట్. ఆరు దాటితే బుల్లెట్. బుల్లెట్‌కు సాధారణంగా పదికి పైనే వుంటాయి గనుక అనుమానానికి తావు తక్కువ. చేతివేలి వెడల్పంత చోట జరిగే ఈ లెక్కతో రెండు జాతులు తేలిపోతాయి.

ఒక హెచ్చరిక. ఎల్లోఫిన్‌ను బిగ్‌ఐ నుంచి విడదీయడానికి పొలుసు పనికిరాదు. రెండూ థన్నసే. పెద్ద చేపలలో రెక్కల నిడివిని, పొట్ట తెరిచినప్పుడు కాలేయాన్ని చూడాలి. బిగ్‌ఐ కాలేయం అడుగున చారలుంటాయి. ఎల్లోఫిన్‌కు వుండవు.

కోనెం: గీత ఎక్కడ వంగింది?

కోనెం, వంజరం అని పిలిచే సీర్ చేపలలో మన తీరానికి ముఖ్యమైనవి రెండు. పెద్దగా పెరిగే కమర్సన్ రకం, మచ్చల గుట్టాటస్ రకం. చిన్న సైజులో ఇవి ఒకే లాటులో కలిసిపోతాయి. వీటి పొలుసులు మరీ చిన్నవి గనుక లెక్క కుదరదు. పార్శ్వరేఖ నడకను చూడాలి. కమర్సన్‌కు ఈ గీత రెండవ వీపు రెక్క ముగిసే చోట ఒక్కసారిగా కిందికి విరుగుతుంది. గుట్టాటస్‌కు గీత తోక వైపు క్రమంగా దిగుతుంది. ముందు భాగంలో దాని నుంచి చెట్టు కొమ్మల్లా సన్నని పాయలు చీలుతాయి. తల కోసిన చేపలో కూడా వంపు మిగిలే వుంటుంది. ముక్కలు కొట్టి అమ్మే చోట మాత్రం ఈ గుర్తు దొరకదు.

స్నాపర్: వరుసల వాలు

ఎగుమతి సరుకులో స్నాపర్లది ప్రత్యేక స్థానం. వీటిలో వీపు కింద ఒక నల్లమచ్చ వుండే జాతులు ఒకటికి మించి వున్నాయి. వాటిలో ఒకటి జాన్స్ స్నాపర్. మరొకటి రస్సెల్ స్నాపర్. ఈ రెండవది పైన చెప్పిన పాట్రిక్ రస్సెల్ పేరుతోనే వెలిసింది. 2013లో హిందూ మహాసముద్రపు చేపను వేరు జాతిగా వర్ణించి ఇండికస్ అని పేరు పెట్టారు. కనుక మన తీరపు సరుకుకు పాత పేరు రాసే అలవాటున్నవారు పత్రాలు సరిచూసుకోవడం మంచిది.

మచ్చ రెండింటికీ వుంది. తేడా పొలుసు వరుసల వాలులో వుంది. పార్శ్వరేఖకు పైన, వీపు మీది వరుసలను చూడండి. జాన్స్ స్నాపర్‌కు అవి పార్శ్వరేఖకు సమాంతరంగా సాగుతాయి. ఒక్కొక్క పొలుసు నడుమ చుక్క వుండడం వల్ల దారం కట్టినట్లు వరుసలు కనిపిస్తాయి. రస్సెల్, ఇండికస్ రకాలకు ఆ వరుసలు తోక వైపు పోతూ ఏటవాలుగా వీపుకు ఎక్కుతాయి. రంగు పోయినా వాలు పోదు.

అమెరికాకు పంపేవారు మరో సంగతి గమనించాలి. అక్కడి ఆహార, ఔషధ సంస్థ నిబంధనల ప్రకారం రెడ్ స్నాపర్ అన్న పేరు అట్లాంటిక్‌లో దొరికే కాంపెకానస్ జాతికి మాత్రమే చెల్లుతుంది. బంగాళాఖాతంలో పట్టిన చేప ఎంత ఎర్రగా వున్నా ఆ పేరుతో లేబులు వేయరాదు.

చెరువు సరుకులో

కొల్లేరు, కైకలూరు, ఆకివీడు వైపు నుంచి లారీలకెక్కే సరుకులో పొలుసు పరీక్ష ఇంకా సులువు. బొచ్చెకు పార్శ్వరేఖ వెంట 40 నుంచి 43 వరకు పెద్ద పొలుసులుంటాయి. దాని కన్న తక్కువ ధర పలికే సిల్వర్ కార్ప్‌కు నూటికి అటూయిటూ మొదలుకొని 120 దాకా చిన్న పొలుసులుంటాయి. తల లేని చేపనైనా చూడగానే చెప్పవచ్చు. శీలావతి లెక్క బొచ్చెకు దగ్గరగానే 40 నుంచి 42 వరకు వుంటుంది గనుక ఆ రెండింటిని పొలుసుతో తేల్చే ప్రయత్నం వృథా.

కొర్రమీను విషయంలో లెక్క బాగా పనిచేస్తుంది. అసలు కొర్రమీనుకు 50 నుంచి 57, పెద్దగా పెరిగే మారులియస్ రకానికి 60 నుంచి 70, చౌకరకం మట్టగిడసకు 37 నుంచి 40. మూడు లెక్కలూ ఒకదానితో ఒకటి కలియవు.

పండుగప్ప పేరుతో చర్మంతో కూడిన ముక్క అమ్మకానికి వస్తే వేలితో నిమరండి. పండుగప్పకు గరుకైన పెద్ద పొలుసులు, తీసివేసినా వాటి గూళ్లు వుంటాయి. పంగాసియస్‌కు పొలుసులే లేవు. చర్మం నున్నగా వుంటుంది.

పొలుసు చెప్పలేని చోటు

కానాగంతలలో కనగుర్త, ఫౌగ్నీ జాతులను పొలుసుతో విడదీయలేము. నోరు తెరిచి మొప్ప దువ్వెనల పొడవు చూడాలి. చర్మం ఒలిచిన ముక్కలకు, పొడి చేసిన సరుకుకు పొలుసు లేదు గనుక ఈ విద్య అక్కడితో ఆగిపోతుంది. అటువంటి సరుకును డీఎన్ఏ పరీక్షతో తేల్చుతారు. జీవుల జాతిని ఒక చిన్న జన్యు భాగంతో గుర్తించే బార్‌కోడింగ్ పద్ధతిని 2003లో కెనడా శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. దిగుమతి దేశాలలోని పరీక్షశాలలు నేడు దాన్నే వాడుతున్నాయి. కనుక ఇక్కడ కళ్లకు చిక్కని తేడా అక్కడ చిక్కుతుంది.

దీని భారం ఎగుమతిదారు మీదనే పడుతుంది. 2010 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్యకు వెళ్లే సముద్రపు చేపల వెంట జాతి పేరుతో క్యాచ్ సర్టిఫికెట్ వుండాలి. 2013 నాటి 1379 నంబరు నిబంధన ప్రకారం పచ్చి చేప అమ్మే చోట వాణిజ్య నామంతోపాటు శాస్త్రీయ నామం కూడా చూపాలి. అమెరికా 2018 జనవరి 1 నుంచి ట్యూనా వంటి సరుకులకు పట్టిన చోటు, జాతి వివరాలు అడుగుతున్నది. రేవులో పెట్టె మీద రాసిన పేరే గొలుసుకట్టుగా ఇన్వాయిస్ దాకా పోతుంది. మొదట పడిన తప్పు చివరిదాకా తప్పుగానే ప్రయాణిస్తుంది.

కొనుగోలుకు ముందు

లాటు కొనేవారు ఈ కింది పద్ధతి పాటించడం క్షేమం.

పై పెట్టె ఒక్కటే చూడరాదు. పైన, నడుమ, అడుగున వున్న పెట్టెల నుంచి చేపలు తీయించి చూడాలి. కలగలుపు సాధారణంగా అడుగు పెట్టెలలోనే వుంటుంది.

తల, చర్మం వున్న దశలోనే జాతి నిర్ణయం జరగాలి. కోత అయిన తరువాత వివాదం తేల్చడం కష్టం.

ఒక గుర్తును నమ్మి నిర్ణయించరాదు. పొలుసు లెక్కతోపాటు మరొక గుర్తు కలిస్తేనే పేరు రాయాలి. ఒకే జాతిలోనూ లెక్క ఒకటి రెండు అటూయిటూ వుంటుంది గనుక ఒక్క చేపను కాక కొన్నింటిని లెక్కించాలి.

అనుమానం తీరని లాటు నుంచి ఒక చేపను తల, చర్మం, పొలుసులతో సహా గడ్డకట్టించి, లాటు నంబరు కట్టి దాచిపెట్టాలి. తరువాత పేచీ వస్తే అదే ఆధారం. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు ప్రాంతీయ కేంద్రాలున్నాయి. జాతి విషయంలో నిపుణుల అభిప్రాయం కావలసినవారు అక్కడ సంప్రదించవచ్చు.

దళారులు, కమీషన్ ఏజెంట్లు బిల్లులో ఉత్త ట్యూనా అనో, స్నాపర్ అనో రాయకుండా తేలిన జాతి పేరును రాసే అలవాటు చేసుకుంటే అమ్మినవారికి, కొన్నవారికి ఇద్దరికీ రక్షణ. జాతిని బట్టే ధర నిర్ణయమయ్యే సరుకులో పేరు ఖరారు చేసుకున్నాకనే పాట మొదలుపెట్టాలి.